సేవ్ బటన్ ఎందుకు చచ్చిపోయింది? పైథాన్‌లో లోపలి మాడ్యూల్స్‌ని ఇంపోర్ట్ చేయడం



పోయిన వారం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, టికింటర్‌లో ప్రాజెక్ట్ చేస్తున్నా. గ్రాఫ్ అక్కర్లేదని మ్యాట్‌ప్లాట్‌లిబ్ లైన్ తీసేశాను. అప్పటి నుంచి సేవ్ బటన్ పనిచేయట్లేదు. గ్రాఫ్‌కీ సేవ్ బటన్‌కీ సంబంధమే లేదు కదన్నా? సోమవారం డెమో ఉంది."

చదవగానే నవ్వొచ్చింది. ఆ వెంటనే కడుపులో కొంచెం తిప్పినట్టు కూడా అయింది. ఎందుకంటే ఇదే తప్పు వల్ల బీటెక్ మూడో ఏడాదిలో నేను ఎక్స్‌టర్నల్ ముందు నిలబడి నీళ్ళు నమిలాను. ఆ తమ్ముడికి జవాబు అప్పుడే పంపేశాను. కానీ ఇది ఒక్కడి సమస్య కాదు కాబట్టి ఈ ఎపిసోడ్ మొత్తం దీని మీదే.

ముందు నా కథ రెండు నిమిషాల్లో చెప్పేస్తాను.

మా మినీ ప్రాజెక్ట్ హాస్టల్ మెస్ బిల్లు లెక్క. ముగ్గురం టీమ్. స్క్రీన్లన్నీ నేనే రాశాను, కోడింగ్ వచ్చినవాడిని నేనే అని అప్పట్లో ఒక గర్వం. పేరు, రూమ్ నంబర్, ఎన్ని రోజులు తిన్నారో కొట్టి, సేవ్ నొక్కాలి. నొక్కితే "సేవ్ చేయాలా?" అని ఒక చిన్న బాక్స్ వస్తుంది. అవును అంటే ఫైల్‌లోకి వెళ్తుంది. నా ల్యాప్‌టాప్‌లో ఐడిల్‌లో తెరిచి, ఎఫ్5 కొట్టి, కనీసం వందసార్లు నడిపి చూశాను. ఒక్కసారి కూడా ఆగలేదు.

డెమో రోజు ల్యాబ్ సిస్టమ్‌లోకి కాపీ చేశాం. వెనకాల నల్ల విండో కనిపిస్తే బాగోదని ఫైల్ పేరు చివర పీవై తీసేసి పీవైడబ్ల్యూ అని పెట్టాను. అలా పెడితే డబుల్ క్లిక్ చేసినప్పుడు కన్సోల్ రాదు, మన విండో ఒక్కటే వస్తుంది. నీట్‌గా ఉంటుంది అనుకున్నాను. అదే మా కొంప ముంచింది.

ఎక్స్‌టర్నల్ సార్ తన పేరే కొట్టి సేవ్ నొక్కారు. ఏమీ రాలేదు. బాక్స్ లేదు, ఎర్రర్ లేదు. మళ్ళీ నొక్కారు. బటన్ లోపలికి వెళ్తోంది, బయటికి వస్తోంది, అంతే. ఐదోసారి నొక్కాక నా వైపు చూశారు. నేను అన్న మాట మీరు ఊహించే ఉంటారు. "సార్, నా ల్యాప్‌టాప్‌లో పనిచేసింది సార్." ఆయన ఏమీ అనలేదు, పేపర్ మీద ఏదో రాసుకుని పక్క టీమ్ దగ్గరికి వెళ్ళిపోయారు. నా మార్కులు పోతే పోయాయి. నన్ను నమ్మి పక్కన నిలబడ్డ ఇద్దరి మార్కులు కూడా పోయాయి. అది ఇప్పటికీ గుర్తుంది.

సరే, ఇప్పుడు అసలు విషయంలోకి వెళ్దాం. ఆ రోజు నా ఫైల్‌లో పైన ఉన్నది ఒకే ఒక్క ఇంపోర్ట్:

ఇంపోర్ట్ టికింటర్ యాజ్ టీకే

కింద సేవ్ ఫంక్షన్‌లో ఇలా వాడాను:

టీకే డాట్ మెసేజ్‌బాక్స్ డాట్ ఆస్క్‌యెస్‌నో

చూడటానికి తప్పేమీ లేదు కదా? టికింటర్‌ని తెచ్చుకున్నాం, మెసేజ్‌బాక్స్ టికింటర్‌లోనే ఉంది, చుక్క పెట్టి వాడాం. ఇక్కడే మన లెక్క తప్పుతుంది.

టికింటర్ ఒక ఫైల్ కాదు, ఫోల్డర్. పైథాన్‌లో ఇలాంటి ఫోల్డర్‌ని ప్యాకేజ్ అంటాం. అందులో మెసేజ్‌బాక్స్, ఫైల్‌డైలాగ్, సింపుల్‌డైలాగ్, కలర్‌చూజర్, స్క్రోల్డ్‌టెక్స్ట్, ఫాంట్ వేర్వేరు ఫైళ్ళు. టీటీకే లాంటిది కూడా వేరే ఫైలే. ఇవన్నీ లోపలి మాడ్యూల్స్. "ఇంపోర్ట్ టికింటర్" అని రాసినప్పుడు పైథాన్ ఆ ఫోల్డర్‌లో ఉన్న అన్ని ఫైళ్ళనీ చదవదు. రెండు వైపులా రెండేసి అండర్‌స్కోర్లతో ఇనిట్ అని ఒక ఫైల్ ఉంటుంది, దాన్ని మాత్రమే నడుపుతుంది. బటన్, లేబుల్, ఎంట్రీ, ఫ్రేమ్ అన్నీ ఆ ఇనిట్ ఫైల్‌లోనే ఉన్నాయి కాబట్టి అవి వెంటనే దొరుకుతాయి. మెసేజ్‌బాక్స్ అందులో లేదు, ఆ ఫైల్ దాన్ని పిలవదు కూడా. అందుకే దొరకదు.

ఒక ఇల్లు అనుకోండి. మెయిన్ డోర్ తాళం తీస్తే హాల్లోకి వస్తాం. హాల్లో ఉన్న సోఫా, టీవీ వాడుకోవచ్చు. లోపలి గదులకు వేరే తాళాలు ఉన్నాయి. "ఇంట్లోకి వచ్చేశాను కదా, బెడ్‌రూమ్ కూడా తెరిచే ఉంటుంది" అనుకుంటే తప్పు మనదే.

మరి నా ల్యాప్‌టాప్‌లో వందసార్లు ఎలా పనిచేసింది? ఇదే అందరినీ తికమక పెట్టే ప్రశ్న.

పైథాన్ ఒక లోపలి మాడ్యూల్‌ని మొదటిసారి తెచ్చినప్పుడు రెండు పనులు చేస్తుంది. ఒకటి, సిస్ డాట్ మాడ్యూల్స్ అనే పట్టికలో దాన్ని రాసుకుంటుంది, మళ్ళీ అడిగితే మళ్ళీ చదవక్కర్లేకుండా. రెండు, దాన్ని పై ప్యాకేజ్‌కి తగిలిస్తుంది. అంటే టికింటర్ అనే వస్తువుకి మెసేజ్‌బాక్స్ అనే కొత్త గుణం వచ్చి చేరుతుంది. టికింటర్ ఆ ప్రోగ్రామ్ మొత్తానికి ఒక్కటే. కాబట్టి ఎవరు తెచ్చినా, ఏ ఫైల్‌లో తెచ్చినా, ఆ క్షణం నుంచి అందరికీ కనిపిస్తుంది. మన ఇంటి ఉదాహరణలో చెప్పాలంటే, ఒక గది తలుపు ఎవరో ఒకరు తీస్తే చాలు, ఇంట్లో ఉన్న అందరికీ అది తెరిచే ఉంటుంది.

ఐడిల్‌ని రాసిందే టికింటర్‌తో. దానికి మెసేజ్‌బాక్స్ కావాలి, ఫైల్‌డైలాగ్ కావాలి. నేను వాడిన పైథాన్ 3.4 ఐడిల్‌లో, నా కోడ్ నడిచే చోటే ఐడిల్ తన పని కోసం ఆ గదులు ముందే తెరిచి పెట్టేది. నేను ఆ తెరిచిన తలుపులోంచి దర్జాగా వెళ్ళిపోయేవాడిని. ల్యాబ్‌లో డబుల్ క్లిక్ చేసినప్పుడు ఐడిల్ లేదు, తలుపు మూసి ఉంది. తర్వాత వచ్చిన వెర్షన్లలో ఐడిల్‌ని తయారుచేసేవాళ్ళు దీన్ని సరిచేశారు. మన కోడ్ మొదలయ్యే ముందే ఆ తలుపులు మళ్ళీ మూసేస్తున్నారు. మంచి పని చేశారు, ఎందుకంటే తప్పు ఇంట్లోనే బయటపడుతుంది, ఎక్స్‌టర్నల్ ముందు కాదు.

ఇప్పుడు మన తమ్ముడి గ్రాఫ్ సంగతి మీకే అర్థమైపోయి ఉంటుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ గ్రాఫ్‌ని టికింటర్ విండోలో చూపించడానికి టీకే-ఏజీజీ అనే బ్యాకెండ్ వాడతాం. ఆ బ్యాకెండ్ తన టూల్‌బార్‌లో ఇమేజ్ సేవ్ చేయడానికీ, తప్పు జరిగితే చెప్పడానికీ ఫైల్‌డైలాగ్, మెసేజ్‌బాక్స్ ఇంపోర్ట్ చేసుకుంటుంది. ఇన్నాళ్ళూ తమ్ముడి సేవ్ బటన్ దాని పుణ్యాన నడిచింది. గ్రాఫ్ లైన్ తీసేయగానే తలుపు తీసేవాళ్ళు లేకుండా పోయారు. రూమ్‌మేట్ హాట్‌స్పాట్ మీద నడుస్తున్న ఫోన్ లాంటిది ఇది. వాడు సంక్రాంతికి ఊరెళ్తే గానీ మన దగ్గర డేటా లేదని మనకు తెలియదు.

ఇంకో ప్రశ్న మిగిలింది. ఎర్రర్ ఎందుకు కనిపించలేదు? నిజానికి ఎర్రర్ వచ్చింది. మెసేజ్‌బాక్స్ అనే గుణం టికింటర్‌లో లేదని చెప్పే యాట్రిబ్యూట్ ఎర్రర్ అది. కానీ బటన్ నొక్కినప్పుడు నడిచే ఫంక్షన్‌లో తప్పు జరిగితే టికింటర్ ప్రోగ్రామ్‌ని ఆపేయదు. ఎర్రర్‌ని కన్సోల్‌లో రాసేసి, విండోని అలాగే ఉంచుతుంది. నేనేమో నీట్‌గా ఉండాలని కన్సోల్‌నే తీసేశాను. ఎర్రర్ రాయడానికి చోటే లేదు. బాక్స్ రాలేదు కాబట్టి దాని తర్వాత ఉన్న సేవ్ లైన్ వరకు ప్రోగ్రామ్ వెళ్ళనే లేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. చుక్క పెట్టి వాడిన పేరు ఉందో లేదో పైథాన్ ఆ లైన్ నడిచినప్పుడే చూస్తుంది. ప్రోగ్రామ్ మొదలైనప్పుడు చూడదు. అందుకే విండో చక్కగా తెరుచుకుంటుంది, అన్నీ బాగున్నట్టే ఉంటుంది, ఎవరో బటన్ నొక్కేవరకు తప్పు దాక్కుని ఉంటుంది.

సరే, మరి ఎలా రాయాలి? మూడు పద్ధతులున్నాయి, మూడూ కరెక్టే.

మొదటిది, నేను ఎక్కువగా వాడేది:

ఫ్రమ్ టికింటర్ ఇంపోర్ట్ మెసేజ్‌బాక్స్

ఇలా రాస్తే పైథాన్ ముందు టికింటర్‌లో ఆ పేరు ఉందా అని చూస్తుంది. లేకపోతే ఫోల్డర్‌లో ఆ పేరుతో ఫైల్ ఉందేమో వెతికి తెస్తుంది. ఆ తర్వాత మీరు మెసేజ్‌బాక్స్ డాట్ ఆస్క్‌యెస్‌నో అని నేరుగా వాడొచ్చు.

రెండోది:

ఇంపోర్ట్ టికింటర్ డాట్ మెసేజ్‌బాక్స్

దీని వల్ల లోపలి ఫైల్ లోడ్ అవుతుంది, కానీ మీ చేతికి వచ్చే పేరు మాత్రం టికింటర్. అంటే వాడేటప్పుడు పూర్తి పేరు రాయాలి. పైన టికింటర్ యాజ్ టీకే అని కూడా ఉంటే, టీకే డాట్ మెసేజ్‌బాక్స్ కూడా పనిచేస్తుంది, రెండూ ఒకే వస్తువు కాబట్టి.

మూడోది:

ఇంపోర్ట్ టికింటర్ డాట్ మెసేజ్‌బాక్స్ యాజ్ ఎంబీ

ఇక్కడ ఎంబీ అంటే లోపలి మాడ్యూలే. చిన్న పేరు కావాలనుకునేవాళ్ళకి ఇది బాగుంటుంది.

ఈ మూడింటిలో ఏది రాసినా ఒక లాభం ఉంది. తప్పు ఏదైనా ఉంటే మొదటి సెకనులోనే, విండో రాకముందే బయటపడుతుంది. బటన్ నొక్కేదాకా ఆగదు.

చాలామంది అడుగుతారు, "అన్నా, ఫ్రమ్ టికింటర్ ఇంపోర్ట్ స్టార్ అంటే అన్నీ వచ్చేస్తాయి కదా?" రావు. స్టార్ అంటే ఇనిట్ ఫైల్ బయటికి ఇవ్వడానికి ఒప్పుకున్న పేర్లు మాత్రమే. మెసేజ్‌బాక్స్ ఆ లిస్టులో లేదు. పైగా స్టార్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. టికింటర్ స్టార్ కింద టీటీకే స్టార్ కూడా రాస్తే, టీటీకేలో ఉన్న బటన్, లేబుల్ వచ్చి పాత బటన్, లేబుల్ మీద కూర్చుంటాయి. అప్పటిదాకా బీజీ అని రంగు ఇచ్చిన బటన్ ఉన్నట్టుండి అలాంటి ఆప్షన్ నాకు తెలియదంటుంది. స్టార్ వద్దు, కావాల్సినదాన్ని పేరు పెట్టి పిలవండి.

పాత పుస్తకాల వాళ్ళకి ఒక చిన్న నోట్. పైథాన్ 2లో టికింటర్ పేరులో మొదటి అక్షరం పెద్దది, టీకే-మెసేజ్‌బాక్స్, టీకే-ఫైల్‌డైలాగ్ అని బయటే విడివిడిగా ఉండేవి. 2008లో పైథాన్ 3 వచ్చినప్పుడు వీటన్నిటినీ టికింటర్ ఫోల్డర్ లోపలికి సర్దారు. ల్యాబ్ రికార్డులో పాత కోడ్ చూసి కొడితే అసలు ఆ మాడ్యూలే లేదని వస్తుంది. కంగారు పడకండి, కొత్త పేరుతో పిలిస్తే చాలు.

ఇది టికింటర్‌కే పరిమితం అనుకోకండి. పైక్యూట్ 6 తీసుకోండి. "ఇంపోర్ట్ పైక్యూట్ 6" అని రాసి, పైక్యూట్ 6 డాట్ క్యూటీ-విడ్జెట్స్ అని వాడితే అదే ఎర్రర్. ఫ్రమ్ పైక్యూట్ 6 డాట్ క్యూటీ-విడ్జెట్స్ ఇంపోర్ట్ క్యూ-అప్లికేషన్ అని రాయాలి. కివీలో అయితే ఇంకా లోతు. బాక్స్‌లేఅవుట్ కావాలంటే ఫ్రమ్ కివీ డాట్ యూఐఎక్స్ డాట్ బాక్స్‌లేఅవుట్ ఇంపోర్ట్ బాక్స్‌లేఅవుట్. మూడు మెట్లు దిగాలి. మీలో ఫోన్‌లోనే పైడ్రాయిడ్ 3 పెట్టుకుని కివీ నేర్చుకుంటున్నవాళ్ళున్నారు, మీకూ ఇదే రూల్. కివీ డిజైన్ ఫైల్‌లో, అంటే కేవీ ఫైల్‌లో, లోపలి మాడ్యూల్ కావాలంటే హ్యాష్ కోలన్ ఇంపోర్ట్ అని రాసి, ముందు మీరు పెట్టుకునే పేరు, తర్వాత పూర్తి దారి రాయాలి. మామూలు పైథాన్‌లో దారి ముందు, పేరు తర్వాత. కేవీలో తిరగబడి ఉంటుంది. ఇది తెలియక గంటలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు, అందులో నేనూ ఉన్నాను.

ఇప్పుడు మీ సొంత ఫోల్డర్ల గురించి. ప్రాజెక్ట్ పెద్దదయ్యాక యాప్ అని ఒక ఫోల్డర్, అందులో స్క్రీన్స్ అని ఇంకో ఫోల్డర్, అందులో లాగిన్ ఫైల్ పెడతాం. లాగిన్ ఫైల్‌లో ఫ్రమ్ యాప్ డాట్ డేటా ఇంపోర్ట్ సేవ్ అని రాస్తాం. ఆ తర్వాత ఆ లాగిన్ ఫైల్‌నే నేరుగా రన్ చేస్తాం. యాప్ అనే మాడ్యూల్ లేదు అంటుంది. కళ్ళ ముందు ఫోల్డర్ ఉంది కదా, లేదంటుందేమిటి?

ఎందుకంటే ఫైల్‌ని నేరుగా రన్ చేస్తే పైథాన్ ఆ ఫైల్ ఉన్న ఫోల్డర్ నుంచే వెతకడం మొదలుపెడుతుంది. స్క్రీన్స్ ఫోల్డర్‌లో నిలబడి యాప్ కోసం చూస్తోంది. యాప్ దాని పైన ఉంది, కింద కాదు. చుక్కలు పెట్టి రిలేటివ్ ఇంపోర్ట్ రాసినా, నాకు పై ప్యాకేజ్ ఏదో తెలియదు అని ఇంకో ఎర్రర్ ఇస్తుంది. దీనికి మందు ఒకటే. టెర్మినల్‌లో యాప్ ఫోల్డర్ బయట నిలబడి, ఇలా నడపండి:

పైథాన్ డ్యాష్ ఎం యాప్ డాట్ స్క్రీన్స్ డాట్ లాగిన్

చివర పీవై వద్దు, స్లాష్‌లు వద్దు, చుక్కలే. ఇలా నడిపితే బయటి ఫోల్డర్ నుంచి వెతుకుతుంది, అన్నీ దొరుకుతాయి.

ఇంకొక్క ఉచ్చు. ప్రాక్టీస్ చేసేటప్పుడు ఫైల్‌కి టికింటర్ డాట్ పీవై అనే పేరు పెట్టేస్తారు. అప్పుడు పైథాన్‌కి ముందు దొరికేది మీ ఫైలే. అసలు టికింటర్ దాని వెనక దాక్కుపోతుంది. మెసేజ్‌బాక్స్ అడిగితే "టికింటర్ ప్యాకేజ్ కాదు" అని వస్తుంది. ఈ మాట కనిపిస్తే ఇంటర్నెట్ అంతా వెతకక్కర్లేదు, మీ ఫైల్ పేరు ఒకసారి చూసుకోండి. ఉబుంటులో టికింటరే లేదని వస్తే అది వేరే సంగతి. అక్కడ పైథాన్3-టీకే అనే ప్యాకేజ్‌ని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

డెమో ముందు రోజు రాత్రి చేయాల్సిన పని ఇప్పుడు చెప్తాను. నోట్ చేసుకోండి.

ఒకటి, మీ కోడ్‌లో చుక్క పెట్టి వాడిన ప్రతి లోపలి మాడ్యూల్‌కి పైన ఒక ఇంపోర్ట్ లైన్ ఉందో లేదో చూడండి. టీకే డాట్ అని సెర్చ్ కొట్టి, దాని తర్వాత చిన్న అక్షరంతో మొదలైన పేర్లు చూస్తే సగం పని అయిపోతుంది.

రెండు, ఎడిటర్ లోపల కాకుండా టెర్మినల్‌లోంచి నడపండి. ఎర్రర్ రాయడానికి చోటు ఇవ్వండి. కన్సోల్‌ని తీసేయడం అన్నిటికంటే చివరి పని.

మూడు, ప్రతి బటన్ నొక్కండి. విండో తెరుచుకుంటే ప్రోగ్రామ్ బాగున్నట్టు కాదు.

నాలుగు, వీలైతే వేరే వాళ్ళ సిస్టమ్‌లో నడపండి. పైఇన్‌స్టాలర్‌తో ఈఎక్స్‌ఈ చేసేవాళ్ళు ఇంకా జాగ్రత్త. అది మీ ఇంపోర్ట్ లైన్లు చూసే ఏ ఫైళ్ళు సర్దుకోవాలో తేల్చుకుంటుంది. మీరు రాయని దాన్ని అది ఊహించదు.

ఇంటికెళ్ళి చేయాల్సిన చిన్న ప్రయోగం కూడా ఉంది. టెర్మినల్‌లో పైథాన్ తెరిచి, ఇంపోర్ట్ టికింటర్ అనండి. తర్వాత హ్యాజ్‌యాటర్ ఫంక్షన్‌తో టికింటర్‌లో మెసేజ్‌బాక్స్ ఉందా అని అడగండి. ఫాల్స్ వస్తుంది. ఇప్పుడు ఫ్రమ్ టికింటర్ ఇంపోర్ట్ సింపుల్‌డైలాగ్ అని కొట్టి, మళ్ళీ అదే ప్రశ్న అడగండి. మీరు మెసేజ్‌బాక్స్ పేరే ఎత్తలేదు, అయినా ఈసారి ట్రూ వస్తుంది. ఎందుకు వచ్చిందో కామెంట్‌లో రాయండి. ఇంతసేపు విన్నవాళ్ళకి జవాబు తెలిసిపోయి ఉండాలి.

తమ్ముడి సంగతి చెప్పలేదు కదూ. ఒక్క లైన్ పైన చేర్చాడు, సేవ్ బటన్ లేచి కూర్చుంది. సోమవారం డెమో అయ్యాక ఒక థంబ్స్ అప్ పంపాడు, అంతకంటే ఏమీ రాయలేదు. నాకు అది చాలు. మా ముగ్గురికి ఆ రోజు ఆ ఒక్క లైన్ చెప్పేవాళ్ళు లేరు.

మీకు ఏది వాడుతున్నారో దాన్ని మీరే పేరు పెట్టి పిలవండి, ఎవరో పిలిచి ఉంటారులే అని ఊరుకోకండి. వచ్చే ఎపిసోడ్‌లో ఒక ఫైల్ ఇంకో ఫైల్‌ని, అది మళ్ళీ మొదటిదాన్ని ఇంపోర్ట్ చేస్తే ఏమవుతుందో చూద్దాం. ప్రాజెక్ట్ చేస్తున్న మీ ఫ్రెండ్‌కి ఈ వీడియో పంపండి, ముఖ్యంగా డెమో ముందు రోజు. ఉంటాను మరి, బై.